చిన్న ఎలక్ట్రిక్ ఆర్‌సీ విమానానికి ఏ బ్యాటరీ తీసుకోవాలి?

రేడియో రిమోట్‌తో ఎగరేసే ఆర్‌సీ విమానాన్ని సొంతంగా కట్టుకున్నవారికైనా, పెట్టెలో సిద్ధంగా వచ్చినదాన్ని కొనుక్కున్నవారికైనా మోటార్ దగ్గర కంటే బ్యాటరీ దగ్గరే తర్జనభర్జన ఎక్కువ. దుకాణంలో 3ఎస్ (మూడు సెల్‌లు వరసగా కట్టిన) లైపో (లిథియం పాలిమర్) ప్యాక్ ఒక్కటే కెపాసిటీలో 1000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) నుంచి 3300 దాకా, ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే సీ అంకెలో 20సీ నుంచి 100సీ దాకా రకరకాలుగా కనిపిస్తుంది. దాని పక్కనే 18650 అనే గొట్టపు సెల్‌లతో కట్టిన లిథియం అయాన్ ప్యాక్ అంతకంటే తేలిగ్గా, అంతకంటే ఎక్కువ కెపాసిటీతో ఊరిస్తూ ఉంటుంది. వీటిలో ఏ అంకె పెద్దగా ఉంటే దాన్ని కొనేయడమే అందరూ చేసే పొరపాటు, మొదట్లో నేనూ చేశాను. రెక్కల నిడివి మీటరున్నర లోపు, మొత్తం బరువు కిలోన్నర లోపు ఉన్న విమానాలకే ఈ వ్యాసం పరిమితం. ఈ తరగతిలో సొంతంగా కట్టుకున్న విమానాల్లో చాలావాటికి, యజమాని మనసులో ఉన్నదానికంటే ఒక మెట్టు చిన్న లైపో ప్యాకే సరిపోతుందని, పెద్ద ప్యాక్ ఒకటి కొనే డబ్బుతో చిన్నవి రెండు కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. అలా ఎందుకంటున్నానో, ఏయే సందర్భాల్లో ఆ మాట చెల్లదో కింద వివరిస్తాను.

ముందుగా తేల్చుకోవలసినవి

మొదటిది బరువు. ఉదాహరణకు 700 గ్రాముల ఫోమ్ విమానం 115 గ్రాముల 3ఎస్ 1300 ప్యాక్‌తో హాయిగా ఎగురుతోందనుకుందాం. ఎక్కువసేపు ఎగరాలన్న ఆశతో దానికి సుమారు 185 గ్రాములుండే 3ఎస్ 2200 ప్యాక్ పెడితే మొత్తం బరువు 770 గ్రాములవుతుంది. బరువు పది శాతం పెరిగితే, విమానం గాలిలో నిలదొక్కుకోవడానికి కావలసిన కనీస వేగం దాదాపు అయిదు శాతం పెరుగుతుంది. కాగితం మీద ఇది చిన్న తేడాయే. కానీ చేత్తో విసిరి ఎగరేసేటప్పుడు, చిన్న మైదానంలో దించేటప్పుడు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. దీనికంటే పెద్ద చిక్కు గరిమనాభి, అంటే అందరూ సీజీ అని పిలిచే బిందువు. బ్యాటరీ ఆ బిందువుకు 15 సెంటీమీటర్లు ముందు కూర్చుంటే, అదనంగా చేరిన 70 గ్రాములు గరిమనాభిని దాదాపు 1.4 సెంటీమీటర్లు ముందుకు లాగుతాయి. ముందు అంచు నుంచి వెనక అంచుకు 18 సెంటీమీటర్లున్న రెక్కలో అది ఏడు శాతానికి పైనే. ఇలాంటి విమానాల్లో గరిమనాభి మామూలుగా రెక్క ముందు అంచు నుంచి 25–30 శాతం దూరంలో ఉండాలి కాబట్టి, ఏడు శాతం జరిగితే ముక్కు బరువెక్కి, దిగేటప్పుడు ఎలివేటర్‌ను (తోక మీద ఉండి ముక్కును పైకీ కిందికీ తిప్పే పలకను) ఎంత లాగినా ముక్కు లేవదు. బ్యాటరీని వెనక్కి జరుపుకొనే చోటు పొట్టలో ఉంటే సరే, లేకపోతే తోకకు సీసం అతికించి బరువు మీద బరువు మోయించవలసి వస్తుంది.

రెండవది కరెంటు. పూర్తి థ్రాటిల్‌లో మోటార్ ఎన్ని ఆంపియర్లు లాగుతోందో తెలియకుండా బ్యాటరీ ఎంచుకోవడం కొలత ఇవ్వకుండా చొక్కా కుట్టించుకోవడం లాంటిది. మోటార్ పెట్టె మీది అంకె ఇందుకు పనికిరాదు, ఎందుకంటే అదే మోటార్ ప్రొపెల్లర్ మారితే వేరే కరెంటు లాగుతుంది. కాలేజీ ప్రాజెక్టుల్లో విరివిగా కనిపించే ఏ2212 తరహా మోటార్‌నే తీసుకుంటే, కేవీని (ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకెను), ప్రొపెల్లర్‌ను బట్టి 3ఎస్ మీద అది 10 నుంచి 20 ఆంపియర్ల దాకా లాగవచ్చు. బ్యాటరీకి, ఈఎస్‌సీకి (మోటార్ వేగాన్ని అదుపు చేసే పరికరానికి) మధ్య వాట్‌మీటర్ పెట్టి, విమానాన్ని గట్టిగా పట్టుకుని, ప్రొపెల్లర్ తిరిగే తలం నుంచి పక్కకు తప్పుకుని పది సెకన్లు నడిపిస్తే అసలు అంకె తెలిసిపోతుంది. వాట్‌మీటర్ లేకపోతే ఉన్న స్నేహితుణ్ని అడిగి తెచ్చుకోండి. బ్యాటరీకి పెట్టే డబ్బు ముందు ఆ మొహమాటం చిన్నది.

అదే కొలతలో వాట్లు కూడా కనిపిస్తాయి. నేర్చుకునేవారి నిదానపు విమానానికి కిలో బరువుకు సుమారు 110 వాట్లు చాలు, చక్కర్లు కొట్టి పల్టీలు వేయాలంటే 220 వాట్ల వరకు కావాలి, ముక్కు పైకెత్తి నిలువుగా గాలిలో నిలబెట్టే 3డీ విన్యాసాలకు 330 లేదా అంతకంటే ఎక్కువ కావాలి. ఇవి రాతి మీద గీసిన గీతలు కావు. అయినా బ్యాటరీ ఎంత శక్తినివ్వాలో అంచనా వేయడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

మూడవది సమయం. ప్యాక్ కెపాసిటీని ఆంపియర్ అవర్లలో తీసుకుని, అందులో 80 శాతాన్ని సగటు కరెంటుతో భాగించి, 60తో గుణిస్తే నిమిషాలు వస్తాయి. సగటున 10 ఆంపియర్లు లాగే విమానం 1300 ప్యాక్‌తో ఆరు నిమిషాలకు పైగా, 2200 ప్యాక్‌తో పదిన్నర నిమిషాలు ఎగురుతుంది. మిగతా 20 శాతాన్ని ముట్టుకోకూడదు. లైపో ఆయుష్షు నిలిచేది అక్కడే, మొదటిసారి దిగడం కుదరక మరో చుట్టు తిరగవలసి వస్తే ఆదుకునేదీ అదే.

ఇక ఛార్జింగ్ వసతి, కనెక్టర్, ధర వంటివి ఈ మూడింటి తరువాతే వస్తాయి. కనెక్టర్ గురించి ఒక్క మాట చాలు: పది ఆంపియర్లు దాటే విమానంలో చిన్న ఎర్ర జేఎస్‌టీ కనెక్టర్ వాడకూడదు, 30 ఆంపియర్ల దాకా ఎక్స్‌టీ30, అది దాటితే ఎక్స్‌టీ60 పెట్టుకోవాలి.

రకాలు ఒక్క చూపులో

| రకం | సెల్ సాధారణ వోల్టేజి | నిండుగా ఉన్నప్పుడు | కిలోకు వాట్ అవర్లు, సుమారుగా | ఎక్కడ నప్పుతుంది |
|---|---|---|---|---|
| లైపో | 3.7 | 4.2 | 130–180 | దాదాపు అన్ని చిన్న విమానాలకు |
| హై వోల్టేజి లైపో | 3.8 | 4.35 | లైపో కంటే కాస్త ఎక్కువ | 1ఎస్, 2ఎస్ బుల్లి విమానాలకు |
| లిథియం అయాన్ (18650, 21700) | 3.6 | 4.2 | 200–250 | గ్లైడర్లు, నిదానంగా ఎక్కువసేపు ఎగిరేవాటికి |
| లిథియం ఐరన్ ఫాస్ఫేట్ | 3.2 | 3.6 | 90–120 | రిసీవర్‌కు, ట్రాన్స్‌మిటర్‌కు |
| నికెల్ మెటల్ హైడ్రైడ్ | 1.2 | 1.4 పైన | 60–100 | ట్రాన్స్‌మిటర్‌కు |

లైపో: మొదట పరిశీలించవలసినది

లిథియం రాకముందు ఎలక్ట్రిక్ విమానాలు నికెల్ కాడ్మియం ప్యాక్‌లతో ఎగిరేవి. ఏడు సెల్‌ల 8.4 వోల్టుల ప్యాక్ నాలుగు వందల గ్రాములకు దగ్గరగా తూగి, సుమారు 16 వాట్ అవర్లు ఇచ్చేది. ఇప్పటి 3ఎస్ 2200 లైపో అందులో సగం కంటే తక్కువ బరువుతో 24 వాట్ అవర్లు ఇస్తోంది. ఆపైన అడిగిన వెంటనే పెద్ద కరెంటు ఇవ్వగలదు, కుంగిపోకుండా వోల్టేజి నిలబెట్టగలదు. నేల మీద నుంచి లేచేటప్పుడు, గాలి ఎదురు తిరిగినప్పుడు విమానానికి కావలసింది ఈ గుణమే.

ఇక్కడ తికమక పెట్టేది సీ అంకె. లెక్క ప్రకారం 1300 ఎంఏహెచ్ ప్యాక్‌కు 25సీ అంటే 1.3ను 25తో గుణించి వచ్చే 32.5 ఆంపియర్లు. కానీ సీ అంకెను కొలవడానికి అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు, కాబట్టి స్టిక్కర్ మీద ఎంతైనా అచ్చు వేయవచ్చు. చౌకగా దొరికిందని నేను ఒకసారి కొన్న 40సీ ప్యాక్, 18 ఆంపియర్లు లాగగానే వోల్టేజి కుంగిపోయి, ఈఎస్‌సీ కటాఫ్ పడి (అంటే వోల్టేజి హద్దు దాటి తగ్గగానే మోటార్‌ను ఆపేసి), విమానాన్ని కోతలైన వరిమళ్లో దించింది. అది దిగింది అనడం కూడా నా మర్యాద కొద్దీ అంటున్న మాటే. ఆ తరువాతి నుంచి అచ్చు వేసిన సీ అంకెలో సగాన్నే నమ్ముతున్నాను, కొలిచిన గరిష్ఠ కరెంటు ఆ సగంలో ఇమిడేలా ప్యాక్ ఎంచుకుంటున్నాను. 15 ఆంపియర్లు లాగే విమానానికి 1300 ఎంఏహెచ్ 25సీ ప్యాక్ ఈ లెక్కలో సరిపోతుంది, 35సీ అయితే నిశ్చింత. 75సీ, 100సీ ప్యాక్‌లలో కరెంటును మోసే లోహపు రేకుల పాలు ఎక్కువగా ఉండటం వల్ల అదే కెపాసిటీకి బరువు పెరుగుతుంది. మీ మోటార్ ఎప్పుడూ అడగని శక్తికి బరువు రూపంలో అద్దె కట్టడమే అది.

నమ్మదగిన కొలత అంతర్నిరోధం. మంచి ఛార్జర్లు దీన్ని సెల్ వారీగా మిల్లీ ఓమ్‌లలో చూపిస్తాయి. కొత్త 2200 ప్యాక్‌లో సెల్‌కు 5 మిల్లీ ఓమ్‌లుంటే, 20 ఆంపియర్ల వద్ద మూడు సెల్‌లలో కలిపి పోయేది 0.3 వోల్టులు. అదే 15 ఉంటే 0.9 వోల్టులు పోతాయి, ఆ పోయినదంతా ప్యాక్ లోపల వేడిగా మారుతుంది. దిగాక ప్యాక్‌ను చేతిలో పట్టుకోలేనంత వేడెక్కితే అది విమానానికి చాలని ప్యాక్ అని, లేదా ప్రొపెల్లర్ మితిమీరిందని అర్థం.

లైపోకు లోటు లేకపోలేదు, అది సంరక్షణ అడుగుతుంది. సెల్ వోల్టేజిని కరెంటు ఇస్తున్నప్పుడు 3.3 కంటే కిందికి దిగనివ్వకూడదు, విమానం దిగి కాసేపు ఆగాక 3.7 దగ్గర చూపించాలి. రెండు మూడు రోజులకు మించి ఎగరేయకపోతే 3.8–3.85 వద్ద, అంటే స్టోరేజి స్థాయిలో ఉంచాలి. మన మే నెల ఎండలో మూసిన కారులో నిండు ఛార్జితో వదిలేసిన ప్యాక్ సాయంత్రానికి దిండులా ఉబ్బవచ్చు, అంతకంటే ఘోరమూ జరగవచ్చు. ఛార్జింగ్ 1సీ వద్ద, అంటే 1300 ప్యాక్‌కు 1.3 ఆంపియర్ల వద్ద, సెల్‌లన్నిటి వోల్టేజిని సమంగా ఉంచే బ్యాలెన్స్ తీగ తగిలించి, మంటకు అందని చోట, మనిషి దగ్గరుండగానే జరగాలి. సిమెంటు గచ్చు మీద పెద్ద మట్టి కుండలో పెట్టడం ఖర్చు లేని జాగ్రత్త. ఇంత ఓపిక లేనివారికి లైపో తగదు. అటువంటివారికి ఎలక్ట్రిక్ విమానమే తగదేమో కూడా ఆలోచించుకోవాలి.

లిథియం అయాన్: ఆశకు, అవసరానికి మధ్య

మంచి కంపెనీ 18650 సెల్ ఒకటి 45–48 గ్రాములు తూగి, 3000 ఎంఏహెచ్ కెపాసిటీతో, 15 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. సోనీ వీటీసీ6, శామ్‌సంగ్ 30క్యూ ఈ కోవలోవే. మూడు సెల్‌లను వరసగా కడితే తీగలతో కలిపి 150 గ్రాములకు 32 వాట్ అవర్లు వస్తాయి. 185 గ్రాములతో 24 ఇచ్చే లైపో పక్కన పెడితే ఇది వరంలా కనిపిస్తుంది, సగటున 4 ఆంపియర్లతో నిదానంగా తిరిగే గ్లైడర్‌కు నిజంగా వరమే. అక్కడ 2200 లైపో 26 నిమిషాలిస్తే, ఈ ప్యాక్ 36 నిమిషాలిస్తుంది, బరువు కూడా తక్కువ.

కానీ ఆ 15 ఆంపియర్లు సెల్ భరించగల హద్దు మాత్రమే, హాయిగా పనిచేసే చోటు కాదు. దాని అంతర్నిరోధం లైపో కంటే అనేక రెట్లు ఎక్కువ. సెల్‌కు 25 మిల్లీ ఓమ్‌లని అనుకున్నా, 10 ఆంపియర్ల వద్ద మూడు సెల్‌ల ప్యాక్ ముప్పావు వోల్టు కుంగుతుంది. పూర్తి థ్రాటిల్‌లో 18 ఆంపియర్లు లాగే ట్రైనర్‌కు (నేర్చుకునేవారి విమానానికి) దీన్ని తగిలిస్తే విమానం బద్ధకంగా లేస్తుంది, సెల్‌లు కాలిపోయేంత వేడెక్కుతాయి, ఆయుష్షు ఆవిరవుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, ఈ సెల్‌లలోని శక్తిలో చెప్పుకోదగ్గ భాగం 3.3 వోల్టుల కింద ఉంటుంది. కటాఫ్‌ను 3.0కు గాని ఇంకా కిందికి గాని దింపుకోగల ఈఎస్‌సీ లేకపోతే, డబ్బు పెట్టి కొన్న శక్తిని వాడకుండానే ఇంటికి తెచ్చుకుంటారు. నా లెక్కలో గరిష్ఠం 10, సగటు 5 లేదా 6 ఆంపియర్లు దాటని విమానానికే మూడు సెల్‌ల 18650 ప్యాక్ తగినది. అంతకుమించి కావాలంటే 21700 సెల్‌లు చూడాలి. మోలీసెల్ పీ42ఏ వంటి సెల్‌లు 45 ఆంపియర్ల దాకా ఇస్తాయి గాని, ఒక్కొక్కటి 70 గ్రాములుంటుంది, మూడు కలిస్తే 210. చిన్న విమానం అక్కడ మళ్లీ బరువు దగ్గరికే వచ్చి ఆగుతుంది.

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి సెల్‌లు తీసి వాడుకోవాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అవి పెద్ద కరెంటు కోసం తయారైనవి కావు, పైగా ఎన్నేళ్లు నలిగాయో తెలియదు. టార్చిలైట్‌కు పనికొస్తాయేమో గాని విమానానికి పనికిరావు. అలాగే 9900 ఎంఏహెచ్ అని రాసి ఉన్న 18650 సెల్ కనిపిస్తే నవ్వి ముందుకు సాగిపోవాలి. ఆ పరిమాణంలో నిజమైన కెపాసిటీ 3500 ప్రాంతంలోనే ఆగిపోతుంది. సెల్‌ల మీద నేరుగా సోల్డరింగ్ చేయడం కూడా తప్పే, నికెల్ పట్టీలతో స్పాట్ వెల్డింగ్ చేసిన ప్యాక్ మాత్రమే తీసుకోవాలి.

మిగిలిన మూడు

హై వోల్టేజి లైపోను 4.35 వోల్టుల దాకా ఛార్జి చేసే ఛార్జర్ ఉంటేనే ప్రయోజనం, మామూలు లైపో అమరికలో ఛార్జి చేస్తే ఆ అదనం రాదు. ప్రతి గ్రామూ లెక్కకొచ్చే 1ఎస్ విమానాల్లో ఆ కాస్త అదనపు దూకుడు తెలుస్తుంది, దానికి బదులుగా ప్యాక్ త్వరగా ముసలిదవుతుంది. ముఖ్యంగా, మామూలు లైపోను పొరపాటున ఈ అమరికలో ఛార్జి చేస్తే మంట అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి, రెండు రకాలూ ఇంట్లో ఉన్నవారు ప్యాక్‌ల మీద రంగు టేపు చుట్టుకోవాలి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వీటన్నిటిలో నెమ్మదైనది, వెయ్యిసార్లకు పైగా ఛార్జి తీసుకుంటుంది, సులభంగా మండదు. అయితే మూడు సెల్‌లు కడితే 9.6 వోల్టులే వస్తాయి, 3ఎస్ లైపోకు తగ్గట్టు నాలుగు పెడితే 26650 సెల్‌లలో మూడు వందల గ్రాములవుతుంది. చిన్న విమానాన్ని ఎగరేయడానికి అది మోయలేని భారం. నికెల్ మెటల్ హైడ్రైడ్ సంగతి అంతకంటే సూటిగా ఉంటుంది: విమానంలో దాని రోజులు అయిపోయాయి, ట్రాన్స్‌మిటర్‌లో మాత్రం ఎనెలూప్ వంటి, ఛార్జి త్వరగా కారిపోని ఏఏ సెల్‌లు ఇప్పటికీ నమ్మకమైనవే.

2ఎస్, 3ఎస్, 4ఎస్: ఒక సెల్ పెంచితే ఏమవుతుంది

విమానం మందకొడిగా ఉందనిపించగానే ఒక సెల్ పెంచాలన్న కోరిక పుడుతుంది. అదే ప్రొపెల్లర్‌తో వోల్టేజి పెరిగినప్పుడు కరెంటు సుమారుగా వోల్టేజి వర్గాన్ని బట్టి, శక్తి దాని ఘనాన్ని బట్టి పెరుగుతాయి. 3ఎస్ నుంచి 4ఎస్‌కు మారడమంటే వోల్టేజి 1.33 రెట్లు, కరెంటు దాదాపు 1.8 రెట్లు, శక్తి దాదాపు 2.4 రెట్లు. 15 ఆంపియర్లు లాగుతున్న మోటార్ 27 దాకా వెళుతుంది. నష్టాల వల్ల అసలు అంకె కొంత తక్కువ రావచ్చు గాని, చిన్న మోటార్ మాడిపోవడానికి, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ అంచుకు చేరడానికి అది చాలు. సెల్ పెంచితే ప్రొపెల్లర్‌ను తగ్గించాలి, వాట్‌మీటర్‌తో మళ్లీ కొలవాలి. 3ఎస్ నుంచి 2ఎస్‌కు దిగితే మోటార్‌కు ముప్పు లేదు గాని, విమానం నేల వదలకపోవచ్చు.

ఎవరికి ఏది

సిద్ధంగా వచ్చిన ఫోమ్ ట్రైనర్ కొన్నవారు తయారీదారు చెప్పిన కెపాసిటీనే వాడాలి. ఒక మెట్టు చిన్నది చాలన్న నా సలహా ఇక్కడ చెల్లదు, ఎందుకంటే 2200 ప్యాక్ బరువును లెక్కలో పెట్టుకునే దాని ముక్కు గీశారు. 1300 పెడితే తోక బరువెక్కుతుంది, తోక బరువెక్కిన విమానాన్ని కొత్తవారు అదుపు చేయలేరు.

కోరోప్లాస్ట్‌తోనో థర్మోకోల్‌తోనో సొంతంగా కట్టుకునే విద్యార్థులకు ఆ కట్టుబాటు లేదు. పొట్టలో బ్యాటరీ చోటును ముందూ వెనకా అయిదారు సెంటీమీటర్లు జరిగేలా వదులుకుని, 3ఎస్ 1300–1500 ప్యాక్‌లు రెండు తీసుకోవాలి. ఒకటి ఎగురుతుండగా రెండవది చల్లారుతుంది, ఒకటి పోయినా ఆ ఉదయం వృథా కాదు. కాలేజీ పోటీకి కడుతున్నట్లయితే సెల్‌ల సంఖ్య మీద, శక్తి మీద పరిమితి ఉందేమో నిబంధనలు చదివాకే కొనాలి. గ్లైడర్ ఉన్నవారు వాట్‌మీటర్ కొలతలు పైన చెప్పిన హద్దుల్లో ఉంటే లిథియం అయాన్‌కు వెళ్లవచ్చు.

హాలులోనో, మేడ ముందున్న ఖాళీ స్థలంలోనో 1ఎస్ బుల్లి విమానం ఎగరేసేవారు అయిదు గ్రాముల ప్యాక్‌లను నాలుగైదు కొనుక్కోవచ్చు. ఒక్కొక్కటి 150 ఎంఏహెచ్ ఉంటే ఛార్జింగ్ కరెంటు 0.15 ఆంపియర్లే అని గుర్తుంచుకోవాలి. వాటిని సమాంతరంగా కలిపి ఛార్జి చేయాలంటే ముందు అన్నిటి వోల్టేజీ దాదాపు సమానంగా ఉండాలి.

అమెరికాలోనో కెనడాలోనో చలిలో ఎగరేసే తెలుగువారికి సమస్య తిరగబడుతుంది. చల్లబడిన లైపో అంతర్నిరోధం పెరిగి, నిండు ప్యాక్ కూడా మొదటి నిమిషంలోనే కుంగుతుంది. ఎగరేసే దాకా ప్యాక్‌ను కోటు లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోవాలి, లిథియం అయాన్‌ను ఆ కాలంలో పక్కన పెట్టాలి. అక్కడి నుంచి ఊరికి ప్యాక్‌లు తెచ్చేవారు వాటిని చెక్-ఇన్ సామానులో వేయకూడదు, చేతి సంచిలోనే, కనెక్టర్లకు టేపు చుట్టి తేవాలి. ఒక్కో ప్యాక్ 100 వాట్ అవర్ల లోపు ఉండాలి. 3ఎస్ 2200 అయితే 24.4 మాత్రమే కాబట్టి ఆ హద్దుకు చాలా లోపలే ఉంటుంది, అయినా ఎన్ని ప్యాక్‌లు తేవచ్చో ఎయిర్‌లైన్‌ను ముందే అడగడం మంచిది.

కొన్నాక మొదటి వారంలో

వంటింటి డిజిటల్ త్రాసు మీద ప్యాక్‌ను తూచి, చెప్పిన బరువుతో సరిచూడాలి. అచ్చు వేసిన కెపాసిటీ కంటే బరువు అనుమానాస్పదంగా తక్కువగా ఉంటే ఆ కెపాసిటీ కూడా ఉండదు. మూడుసార్లు సున్నితంగా ఎగరేశాక, ప్రతి సెల్ అంతర్నిరోధాన్ని, కొన్న తేదీని మార్కర్‌తో ప్యాక్ మీదే రాసుకోవాలి. అంతర్నిరోధం రెట్టింపైనప్పుడు, ఒక సెల్ మిగతావాటి కంటే ఎప్పుడూ 0.1 వోల్టు వెనకబడుతున్నప్పుడు, లేదా ప్యాక్ కొద్దిగానైనా ఉబ్బినప్పుడు దాన్ని విరమింపజేయాలి. ఆరుబయట గచ్చు మీద 12 వోల్టుల, 21 వాట్ల కారు ఇండికేటర్ బల్బును 3ఎస్ ప్యాక్‌కు తగిలిస్తే రెండు ఆంపియర్ల లోపు కరెంటుతో మెల్లగా ఖాళీ అవుతుంది. వెలుగు పూర్తిగా ఆరిపోయాక కూడా ఒక రోజు అలాగే ఉంచి, తీగల కొనలకు టేపు చుట్టి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇవ్వాలి. చెత్తబుట్టలో మాత్రం వేయకూడదు.